మూడు వేల నూట నలభై ఏడు

29 అక్టోబరు 2023, ఆదివారం

పొద్దున్నే మోజ్ నది ఒడ్డున సంతకు వెళ్లొచ్చాను. జున్ను కోసం వెళ్లి చీపురు కొనుక్కొచ్చాను. ఇంట్లో ఇప్పటికే మూడున్నాయి.

మధ్యాహ్నం తుసాన్ ఫోన్ చేశాడు. మా పాత తుపాకుల సంఘానికి అధ్యక్షుడయ్యాక ఫోన్లో కూడా గొంతు సవరించుకుని మాట్లాడే అలవాటొకటి పట్టుకుంది ఆ మనిషికి. ఆహెన్ నుంచి ఎవరో జర్మన్ ఆవిడ ఉత్తరం రాసిందట. వాళ్ల తాత 1914 యుద్ధం నుంచి ఇంటికి తెచ్చుకున్న రివాల్వర్ ఒకటి ఉందట. బెల్జియం సైన్యం అధికారులది, 1878 నమూనా, మన లియేజ్‌లో తయారైందే. అసలు సొంతదారు తాలూకు మనుషులెవరైనా ఉంటే తిరిగి ఇచ్చేస్తానంది.

"మంచిదేగా," అన్నాను.

"నంబరు విను మరి. 3147."

"తప్పు చదివి ఉంటుంది."

"ఫొటో పంపింది, ఒదీల్. కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాను."

3147 నా పాత స్నేహితుడు లాంబెర్ దగ్గర ఉంది. నలభై అయిదేళ్లుగా ఉంది. వాళ్ల తాతది. అది 3147 అని తేల్చింది నేను. ఈ ఊళ్లో పాత తుపాకులు పట్టుకు తిరిగే ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు.

ఒక కార్ఖానాలో ఒక నమూనాకు ఒకే నంబరు రెండుసార్లు కొట్టరు. కాబట్టి జర్మన్ ఆవిడది దొంగది.

30 అక్టోబరు

దొంగదే.

1 నవంబరు

ప్రతి ఏడాదిలాగే లాంబెర్‌తో కలిసి సమాధుల దగ్గరికి వెళ్లాను. చామంతి కుండీలు రెండు. ఒకటి వాళ్ల ఆవిడ జోసియాన్‌కి, ఒకటి 1914లో వాళ్ల తాత పోయిన కోట దగ్గర, స్మారక రాతిమీద ఉన్న ఆయన పేరుకి. లెఫ్టినెంట్ జోసెఫ్ దెల్‌రే. కుండీ మోయనిస్తాడేమో అని అడిగాను, ఇవ్వలేదు. రిటైరయ్యి పన్నెండేళ్లయినా పోస్ట్‌మాన్ నడక పోలేదు, నేను వెనక పరుగెత్తాల్సి వచ్చింది.

తుసాన్ కడుపులో మాట దాగదు. అప్పటికే చెప్పేశాడు.

"మా తాతను చంపారు. ఇప్పుడు ఆయన నంబరు వేసి ఇంకోటి చేసి పంపుతున్నారా?" అన్నాడు లాంబెర్.

"నూట తొమ్మిదేళ్లయింది. ఆవిడెవరో, ఏమిటో."

"ఎవరైతే ఏం. నువ్వు చూస్తావుగా. నువ్వు చెప్పిందే మాట."

దారిలో కాఫీ తాగుదాం అన్నాడు. మోకాలు నొప్పి అని ఇంటికొచ్చేశాను. నొప్పి లేదు.

ఆ రివాల్వర్ సంగతి ఒకసారి వరసగా రాసుకుంటే మనసు కుదుటపడుతుంది. 1978. నాకు ఇరవై ఆరు. తుపాకుల కార్ఖానాలో చెక్కుడు పని. లాంబెర్‌కు ఇరవై తొమ్మిది. వాళ్ల తాత చివరి ఉత్తరం జేబులో పెట్టుకుని ఊళ్లు తిరిగేవాడు. అధికారులు తుపాకీ సొంత డబ్బుతో కొనుక్కునే రోజులవి. నాకేమైనా అయితే నా రివాల్వర్ నంబరు 3147, అడిగి తెచ్చుకోండి, పిల్లవాడికి ఇవ్వండి అని ఆయన భార్యకు రాశాడు. కోట పడిపోయే రోజున కొందరు తుపాకులు శత్రువు చేతికి చిక్కకుండా పక్క పొలంలో బావిలో పడేశారు. ఆ బావిని పూడ్చబోతూ 1978లో వాటిని పైకి తీశారు. అందులో ఒకటి కొని లాంబెర్ నా బల్లమీద పెట్టాడు. తుప్పు ముద్ద. నంబరులో 31 మాత్రం చదవగలం. మిగతా రెండు అంకెలూ తుప్పు తినేసింది.

మూడు రోజులు భూతద్దం కింద ఉంచుకున్నాను. శుభ్రం చేశాను. 47 బయటపడింది. అంతే.

4 నవంబరు, శనివారం

సంఘం సమావేశం. ఎప్పటిలాగే కాఫే వెనకగదిలో. అందరూ మాంసం ఉండలూ, వేయించిన బంగాళాదుంపలూ తెప్పించుకున్నారు. నేను సూపు తాగాను, అదీ సగం.

ఎల్‌ఫ్రీడ క్రింగ్స్ అనే ఆ జర్మన్ ఆవిడ పోలీసుల అనుమతి కాగితంతో సహా తుపాకీ పంపేసింది. ఒక షరతు ఉంది. వచ్చే నెలలో ఇల్లు మారుతోంది. కొత్త ఇంట్లోకి ఆయుధం తీసుకెళ్లదట. మనం కాదంటే డిసెంబరు నాలుగున పోలీసులకు అప్పగిస్తుంది, వాళ్లు కరిగించేస్తారు.

తుసాన్ దాన్ని గుడ్డలో చుట్టి నా ముందుకు తోశాడు. "రెండింటిలో ఒకటి అబద్ధం చెబుతోంది. నీది కాదులే," అని పెద్దగా నవ్వాడు. అందరూ నవ్వారు. లాంబెర్ నవ్వలేదు. "పక్కపక్కన పెట్టి చూడనక్కర్లేదా?" అని ఎవరో కొత్తగా చేరినాయన అడిగాడు.

అందరూ ఆయన వైపు తిరిగారు. పాపం, ఆయనకు తెలియదు. ఒదీల్ చూసి మంచిది, అంటే అసలుదే అన్న తుపాకీని మా సంఘంలో ఎవరూ మళ్లీ భూతద్దం కింద పెట్టరు. పెడితే నన్ను అవమానించినట్టు. ఎవరు పెట్టారో తెలియదు గానీ, ముప్పై ఏళ్లుగా ఉన్న పద్ధతి.

"పెట్టక్కర్లేదు," అన్నాను.

సెంతెలువా పండగనాడు తీర్పు చెప్పాలి. డిసెంబరు ఒకటి. లోహం పనివాళ్లందరి పండగ, సంఘం విందు కూడా ఆ రోజే. తీర్పు లేచి నిలబడి చెప్పాలి. మంచిది, లేదా మంచిది కాదు. కారణాలు ఎవరూ అడగరు.

6 నవంబరు

చూశాను. గొట్టం కింద మరల్లో ఒకటి తరవాత మార్చింది. పిడి చెక్క మరీ నున్నగా ఉంది. ఎన్ని చేతులు పట్టుకున్నా అంత నునుపు రాదు. తనిఖీదారు కొట్టే కిరీటం ముద్ర మరీ స్పష్టంగా ఉంది.

స్పష్టంగా ఉంటే తప్పేముంది అని అడగొచ్చు. తప్పే. నూట నలభై ఏళ్ల వస్తువు అంత శుభ్రంగా ఉండకూడదు.

7 నవంబరు

మరలు మాత్రం చాలవు. మరలు అందరూ మారుస్తారు. పిడి చెక్క తీసి లోపల చూస్తే తేలిపోతుంది. కానీ సొంతదారు అనుమతి లేకుండా పిడి విప్పడం మా పద్ధతి కాదు.

8 నవంబరు

అల్మారా అరలన్నీ తీసి కడిగాను. మొన్ననే కడిగినవి.

11 నవంబరు

యుద్ధం ఆగిన రోజు. స్మారకం దగ్గర బాకా ఊదుతుంటే లాంబెర్ చెయ్యి నా చేతిని తాకింది. చలికి. నేను ముందే వచ్చేశాను.

12 నవంబరు

తీర్పు రాసి చూసుకున్నాను. "మంచిది కాదు. ముద్రలు అనుమానాస్పదం. నంబరు తరవాత వేసింది."

నంబరు తరవాత వేసింది. ఈ వాక్యం మూడుసార్లు కొట్టేసి మూడుసార్లు మళ్లీ రాశాను. ఆ నంబరు తరవాత వేసింది కాదు. అచ్చుతో కొట్టింది. అంచులు ఉబ్బి, ఆ ఉబ్బు అరిగి, ఆ అరుగు మీద చేతి మెరుపు కూర్చుని ఉంది. దాన్ని ఎవడూ దొంగగా చెయ్యలేడు. నేను కూడా చెయ్యలేను.

చెయ్యగలిగేది వేరే ఉంది. దాని గురించి ఇక్కడ రాయక్కర్లేదు.

13 నవంబరు

కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. కింద ఇంటావిడ వచ్చి అడిగింది, "ఏమైనా పోగొట్టుకున్నారా అమ్మా?" అని. చీపురొకటి ఆవిడకిచ్చి పంపించాను.

18 నవంబరు

ఆ ఎల్‌ఫ్రీడ ఇక్కడికే వచ్చేసింది. చెప్పకుండా. రైలు దిగి, నా అడ్రసు పట్టుకుని, ఆహెన్ మసాలా బిస్కట్ల డబ్బా చేత్తో పట్టుకుని. అరవై తొమ్మిదేళ్ల టీచరమ్మ, బడిలో నేర్చుకున్న ఫ్రెంచి, ప్రతి వాక్యం ముందు క్షమించండి.

"క్షమించండి, మీరు బిజీగా ఉన్నారేమో."

"బిజీ ఏముంది, కూర్చోండి."

నా బల్లమీద తుపాకీని చూసి కుర్చీ కాస్త దూరం జరుపుకుంది. దాన్ని చిన్నప్పుడు ఎవరూ ముట్టుకోనిచ్చేవారు కాదట. వాళ్ల తాత ఆగస్టులో ఒక రోజు గది తలుపు వేసుకుని కూర్చునేవాడట. ఎవరి దగ్గర తీసుకున్నావు అని వాళ్లమ్మ అడిగితే, చచ్చిపోయినవాడి దగ్గర అన్నాడట. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదట.

"మీ మాట ఒక్కటి చాలంటున్నారు అందరూ. ఏమనుకుంటున్నారు మీరు?"

"కొన్ని అనుమానాలున్నాయి," అన్నాను.

ఆవిడ ముఖం విప్పారింది. నేను బాధపడుతుందనుకున్నాను. "అంటే ఇది ఆ లెఫ్టినెంట్‌ది కాకపోవచ్చా? అయితే మా తాత ఏ శవం దగ్గరా దోచుకోలేదన్నమాట! ఎక్కడో సంతలో కొని గొప్పలు చెప్పుకున్నాడేమో. చెబుతారా అలా? మీరు కాదంటే నాలుగో తేదీన పోలీసులకు ఇచ్చేస్తాను, కరిగించేస్తారు. నేను హాయిగా నిద్రపోతాను."

లాంబెర్‌కు కావలసింది "కాదు" అన్న మాటే. ఈవిడకు కావలసింది అదే. నాకూ అదే. ముగ్గురం సుఖంగా ఉంటాం.

వెళ్లేముందు పిడి విప్పొచ్చా అని అడిగాను. ఎందుకడిగానో. విప్పండి, ఏం కావాలంటే అది చెయ్యండి, నాది కాదనే అనుకోండి అంది.

19 నవంబరు

విప్పాను.

కుడివైపు చెక్క లోపల పెన్సిలు రాత ఉంది. అక్కడ గాలీ వెలుతురూ తగలవు కాబట్టి నిన్న రాసినట్టుంది. ఎమీల్, 7 మార్చి 1912, మూడు కిలోల రెండొందలు.

ఎమీల్ అంటే లాంబెర్ వాళ్ల నాన్న. ట్రాము కండక్టరు. తండ్రి ముఖం గుర్తులేదని చెబుతుండేవాడు. కొడుకు పుట్టిన రోజున ఆ లెఫ్టినెంటు తుపాకీ శుభ్రం చేసుకుంటూ కూర్చుని ఉంటాడు. చేతిలో కాగితం లేక బిడ్డ బరువు ఇక్కడ రాసుకున్నాడు.

పెన్సిలే కదా. బొటనవేలు నాలుకకు తడి చేసుకున్నాను. ఒక్క రుద్దు రుద్దితే పోతుంది. ఆ తడి ఆరేదాకా వేలు గాల్లోనే ఉంచుకుని కూర్చున్నాను. తరవాత చెక్క బిగించేశాను.

20 నవంబరు

రుద్దలేదు. ఆ ఒక్కటీ చెయ్యలేదు.

22 నవంబరు

రాస్తాను. ఎవరు చదువుతారు గనక.

1978లో మూడో రోజు మధ్యాహ్నం నాకు అంకెలు కనిపించాయి. తుప్పు కింద రెండు నిలువు గీతలు. 11. లాంబెర్ తుపాకీ నంబరు 3111. సందేహమే లేదు. లాంబెర్ సాయంత్రం వస్తానన్నాడు. వచ్చి టోపీ చేతుల్లో నలుపుతూ నా బల్ల దగ్గర నిలబడతాడు. ఆ ముఖం చూసి కాదు అని చెప్పాలి.

ఒకటికి ఎడమవైపు ఏటవాలుగా ఒక గీత, మధ్యలో అడ్డంగా ఒక గీత పెడితే నాలుగు. ఒకటికి పైన గీత పెడితే ఏడు. మొత్తం మూడు గీతలు. చెక్కుడు పని వచ్చిన చేతికి పది నిమిషాలు. తరవాత ఉప్పు నీళ్లు పట్టించి ఆ గీతలకు కూడా తుప్పు రప్పించాను. శుభ్రం చేయలేదు. చెక్కాను.

పక్క వెలుతురులో పెట్టి భూతద్దంలో చూస్తే పనివాడెవడైనా పట్టేస్తాడు. అచ్చు కొడితే లోహం పక్కకు నెట్టుకుని అంచు లేస్తుంది. ఉలితో చెక్కితే లోహం పోతుంది, అంచు లేవదు. ఆ నంబరులో కొన్ని గీతలకు అంచుంది, మూడింటికి లేదు. నలభై అయిదేళ్లు ఎవరూ చూడలేదు. ఒదీల్ చూసిందిగా మరి.

మొన్న ఆ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదని రాశాను. నేనే పెట్టాను.

ఎందుకు చేశానంటే లాంబెర్ అంటే నాకు ప్రేమ. అతను ఆ సాయంత్రం నన్ను గట్టిగా కౌగలించుకుని ఏడ్చాడు. నా జీవితంలో నన్నెవరూ అలా పట్టుకోలేదు. మరుసటి ఏడాది జోసియాన్‌ను పెళ్లి చేసుకున్నాడు. పెళ్లిలో ఆ రివాల్వర్‌ను బల్లమీద పెట్టి నా పేరు చెప్పి గ్లాసు ఎత్తాడు. ఆ తరవాత ప్రతి ఆగస్టులో, వాళ్ల తాత పోయిన రోజున, అలాగే ఎత్తుతూ వచ్చాడు.

25 నవంబరు

ఇంకా ఆరు రోజులున్నాయి. కాదు అనడానికి ఒక్క మాట చాలు.

27 నవంబరు

లాంబెర్‌ను తన రివాల్వర్ తీసుకుని రమ్మన్నాను. పాత కంబళిలో చుట్టి, సంకలో పెట్టుకుని వచ్చాడు. తడిసిన కోటు విప్పకుండానే కూర్చున్నాడు.

"ఏంటి, పక్కన పెట్టి చూస్తావా? పద్ధతి తప్పుతున్నావా?" అని నవ్వాడు.

దీపం పక్కకు వంచి భూతద్దం అతని చేతికిచ్చాను. "నువ్వే చూడు."

"నేనా? నాకేం తెలుస్తుంది?"

"చివరి రెండు అంకెలు చూడు. ఏ గీత అంచు లేచింది, ఏది లేవలేదు."

వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. పోస్ట్‌మాన్ కళ్లు, నలభై ఏళ్లు వంకర చేతిరాతలు చదివిన కళ్లు. ఎలా చూడాలో నేర్పనక్కర్లేకపోయింది.

"పదకొండు," అన్నాడు.

"అవును."

"ఎవరు చేశారు?"

"నేను."

భూతద్దం మెల్లగా బల్లమీద పెట్టాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"ఒక్కసారి కూడా చెప్పాలనిపించలేదా నీకు?"

"ప్రతి ఆగస్టులో అనిపించేది."

"మరి?"

"నువ్వు గ్లాసు ఎత్తేవాడివి."

ఆహెన్ నుంచి వచ్చినదాని పిడి విప్పి అతని ముందు పెట్టాను. అతను చదివాడు. మూడు కిలోల రెండొందలు అని నోటితో అన్నాడు. తరవాత చెక్క మీద చెయ్యి కప్పి అలాగే ఉండిపోయాడు. ఏడవలేదు. నేను ఏడ్చాను, అసహ్యంగా, ముక్కు చీదుకుంటూ. అతను నా వైపు చూడలేదు.

రెండు రివాల్వర్లూ నా బల్లమీదే వదిలేసి వెళ్లిపోయాడు. కంబళి కూడా.

28 నవంబరు

ఫోన్ ఎత్తడం లేదు.

29 నవంబరు

ఎత్తడం లేదు.

1 డిసెంబరు, సెంతెలువా

వచ్చాడు. తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఎల్‌ఫ్రీడ కూడా వచ్చింది, బిస్కట్లు ఈసారి రెండు డబ్బాలు.

రెండు రివాల్వర్లూ బల్లమీద పెట్టి లేచి నిలబడ్డాను. ఆహెన్‌ది మంచిది అన్నాను. లాంబెర్ దెల్‌రే దగ్గరున్నది మంచిది కాదు, దాని నంబరు నేను చెక్కాను అన్నాను. కారణాలు ఎవరూ అడగరని చెప్పానుగా. నిజంగానే అడగలేదు. తుసాన్ గొంతు సవరించుకున్నాడు, మళ్లీ సవరించుకున్నాడు.

"తమాషా చేస్తున్నావా, ఒదీల్?"

"పండగ పూట తమాషా ఎందుకు చేస్తాను?"

మొదట కదిలింది ఆ కొత్తాయన. జేబులోంచి భూతద్దం తీసి, 3111 మీదకు వంగాడు. ఎవరూ ఆపలేదు. ఒకరి తరవాత ఒకరు వరసలో నిలబడి చూశారు. ఆఖరికి తుసాన్ కూడా చూశాడు. "ఇక మన ఇళ్లల్లో ఉన్నవన్నీ మళ్లీ చూడాలి," అని ఎవరితోనూ కాకుండా గాల్లోకి అన్నాడు. మూడు వందల పైచిలుకు. అన్నీ నేను మంచివన్నవే. వాటిలో తప్పేమీ లేదని నాకు తెలుసు. ఆ మాటకు ఇప్పుడు విలువేముంది.

ఎల్‌ఫ్రీడ లేచి లాంబెర్ ముందుకు వెళ్లింది. ముఖం పాలిపోయి ఉంది. నిద్రపోదు ఇక ఆవిడ, నా మూలంగా.

"క్షమించండి. మా తాత దీన్ని చచ్చిపోయినవాడి దగ్గర తీసుకున్నానన్నాడు. నేను తెచ్చాను. క్షమించండి."

లాంబెర్ లేచాడు. ఏమంటాడో అని భయపడ్డాను. "మీ తాత దీనికి నూనె రాస్తూ ఉండి ఉంటాడమ్మా," అన్నాడు. "మీవాళ్లు నూరేళ్లు తుప్పు పట్టనివ్వలేదు. బావిలో పడి ఉంటే ఆ రాత మిగిలేదా? కూర్చోండి, ఒక గ్లాసు తాగండి."

ఇద్దరూ కలిసి పెకే తాగారు, మా ఊరి ఘాటు సారా. ఆవిడకు అలవాటు లేక దగ్గొచ్చింది. నాకెవరూ పొయ్యలేదు.

బయటికొస్తుంటే లాంబెర్ వెనక నుంచి పిలిచాడు. నా పేరు పెట్టి పిలిచాడు, అదే గొప్ప అనుకున్నాను.

"3111 ఎవరిది?"

"తెలియదు."

"ఎవరిదో ఒకరిదిగా. వాడికీ ఎవరో ఉండి ఉంటారు. నాలాగే ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగి ఉంటారు. ఇన్నేళ్లూ వాళ్ల తుపాకీకి నేను గ్లాసు ఎత్తుతూ కూర్చున్నాను. వాళ్లను వెతుకు. నేను కాదు, నువ్వు. దొరికాకే నాతో మాట్లాడు."

5 డిసెంబరు

వెతుకుతున్నాను. ఇంత తేలిక పడతానని అనుకోలేదు. పని దొరికింది, నిద్ర పడుతోంది. బ్రసెల్స్‌లో సైన్యం పాత కాగితాలు చూడటానికి అనుమతి కోరుతూ రాసి పంపాను.

8 డిసెంబరు

బ్రసెల్స్. సాయంత్రం దాకా కాగితాలు తిప్పాను. అధికారులు సొంతంగా కొన్నవి ఏ జాబితాలోనూ లేవు.

9 డిసెంబరు

పేపర్లకు నాలుగు ఉత్తరాలు రాశాను. తుసాన్ ఫోన్లో పొడిపొడిగా అన్నాడు, "మన సంఘం పత్రికలు చూశావా? పాతవన్నీ కాఫే అటక మీదే ఉన్నాయి. జనం అందులోనే కదా ప్రకటనలు ఇచ్చేది. లాంబెర్ కూడా ఇచ్చాడు డెబ్భై అయిదులో."

చూస్తాను, దుమ్ము అన్నాను. దుమ్ము నాకు పడదు.

11 డిసెంబరు

నామూర్‌లో అధికారుల కుటుంబాల సంఘం ఒకటుందని విని అక్కడికి వెళ్లాను. ఏమీ తేలలేదు.

12 డిసెంబరు

నామూర్ మళ్లీ వెళ్లాను. ఎందుకో తెలియదు.

14 డిసెంబరు

కాఫే అటక ఎక్కాను. పత్రికలు ఏడాది వారీగా తాళ్లతో కట్టి ఉన్నాయి. డెబ్భైల నుంచి మొదలుపెట్టాలి కదా వరసగా. నా చెయ్యి సరాసరి ఎనభై ఆరు కట్ట మీదకు పోయింది. వసంతం సంచిక. పద్నాలుగో పేజీ.

"మా తండ్రి, సబ్ లెఫ్టినెంట్ ఫ్లోరాన్ మరేషల్ గారి రివాల్వర్ కోసం వెతుకుతున్నాను. 1878 నమూనా, నంబరు 3111. 1914 ఆగస్టులో కనిపించకుండా పోయింది. ఏ సమాచారం తెలిసినా దయచేసి రాయండి. కుమారి ఇర్మా మరేషల్, వెర్వియే."

అటక మీద ఉన్నవి అచ్చుకు పంపే ముందు దిద్దిన ప్రతులు. ఆ రోజుల్లో ప్రూఫులు దిద్దే పని నాది. నంబరు పక్కన ఎర్ర సిరాతో చిన్న టిక్కు ఉంది. సరిగ్గా ఉంది అని. ఆ టిక్కు నేను పెట్టిందే, నా ఎర్ర కలం అంత సన్నగా ఇంకెవరూ పట్టరు. గుర్తుంది. టిక్కు పెట్టాను, పేజీ తిప్పాను, తరవాతి ప్రకటన దిద్దాను. అది తోలు ఒర అమ్మకం గురించి.

15 డిసెంబరు

వెర్వియే నగర కార్యాలయానికి వెళ్లాను. కౌంటర్‌లో అమ్మాయి ఓపికగా వెతికింది. ఇర్మా మరేషల్ 1911లో పుట్టింది. దర్జీ పని చేసుకుని బతికింది. పెళ్లి లేదు. అన్నదమ్ములు లేరు. 1997 ఫిబ్రవరిలో ఆసుపత్రిలో పోయింది. ఖర్చు నగరమే పెట్టుకుంది.

"మీ బంధువా?" అని అడిగింది.

కాదన్నాను.

16 డిసెంబరు

దొరికాకే మాట్లాడమన్నాడు కాబట్టి ఫోన్ చేశాను. రెండో మోగుకే ఎత్తాడు. ఎదురు చూస్తున్నాడేమో.

"దొరికారా?"

"దొరికింది. కూతురు. వెర్వియేలో ఉండేది. ఇర్మా మరేషల్."

"ఉండేదా?"

"తొంభై ఏడులో పోయింది. ఆవిడ తరవాత ఎవరూ లేరు. తుపాకీ కోసం మన పత్రికలో ప్రకటన ఇచ్చింది."

"అయ్యో పాపం," అన్నాడు. గొంతు మెత్తబడింది. ఆ మెత్తదనం నాకు తెలుసు, నా వైపు వస్తున్న మెత్తదనం. ఇంకో నిమిషం ఊరుకుంటే పోనీలే ఒదీల్, వెతికావుగా అనేవాడు. "మన పత్రికలోనే ఉందా? చూడు, ఎవరికీ కనపడలేదు. నీకెప్పుడు కనిపించింది, ఈ వారమేనా?"

అవును అంటే సరిపోయేది. అవునో కాదో అతను ఎప్పటికీ భూతద్దం పెట్టి చూడలేడు.

"ఎనభై ఆరులో," అన్నాను.

అతను ఫోన్ పెట్టెయ్యలేదు. నేను కూడా పెట్టలేదు.

చివరికి, "తొంభై ఏడులోంచి ఎనభై ఆరు..." అని ఏదో లెక్క మొదలుపెట్టి ఆగిపోయాడు. "పదకొండేళ్లు బతికే ఉంది కదా ఆవిడ," అన్నాడు.

"ఉంది," అన్నాను.